పాతబడిన తుపాకిమందు వాడవచ్చునా?

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వీధిదీపములు, మంచినీటి బావులు, ఇంటిపన్ను వసూళ్ళు మొదలగు విషయములను గూర్చి వినుటకు అలవాటుపడిన మీకు నేడు మేము ఎన్నుకొనిన విషయము వింతగా తోచవచ్చును. తుపాకిమందుతో పంచాయతీకి పనియేమి అని మీరు అడుగవచ్చును. పని కలదు. అడవి అంచునగల పల్లెలలో పంటకాపు కొరకు లైసెన్సుతో తుపాకి ఉంచుకొనిన రైతులు నేటికిని ఉన్నారు. ఆ తుపాకి ఎవరి యింట ఉన్నదో పోలీసు ఠాణా పుస్తకములో వ్రాసియుండును. దాని మందు ఇంటిలో ఏ మూల ఉన్నదో, ఎన్ని ఏండ్లనుండి ఉన్నదో, అనేక సందర్భములలో ఆ యింటివారికే తెలియదు. ఎన్నికలు వచ్చినప్పుడు తుపాకి ఠాణాకు పోవును, ఎన్నికలైన పిమ్మట తిరిగి వచ్చును. డబ్బాలోని మందు మాత్రము అటకమీదనే యుండిపోవును.

తండ్రి గతించిన తరువాత కుమారుడు అటక దులుపుచుండగా ఆ డబ్బా దొరకును. మూత తీసి చూచును. చిటికెడు మందు రాతిమీద పోసి అగ్గిపుల్ల గీయును. భగ్గుమని మండును. “మందు బాగున్నది, పారవేయుట యెందుకు?” అని తిరిగి అటకమీదనే పెట్టును. ఈ పరీక్షయే తప్పు. మండుట వేరు, తుపాకిలో సరిగా పనిచేయుట వేరు, ఇంటిలో నిలువయుండుటకు తగియుండుట వేరు. పూర్తిగా చెడి, తనంతట తానే అంటుకొనుటకు సిద్ధముగానున్న మందు కూడ అగ్గిపుల్లకు చక్కగానే మండును. కావున ఆ చిటికెడు మంటవలన మనకు తెలియునది ఏమియు లేదు. పైగా చేయి కాలు ప్రమాదమొకటి.

తుపాకిమందు అని మనము ఒక్క పేరుతో పిలుచునది నిజముగా రెండు వేరు వేరు వస్తువులు. సురేకారము, గంధకము, బొగ్గు చేర్చి చేయు పాతరకపు నల్లని మందు ఒకటి. గొట్టము ముందునుండి దట్టించు తుపాకులకు తగినది ఇదియే. రెండవది పొగలేని మందు. ఇప్పటి తూటాలలో నుండునదియు, పేలిన తూటాలను తిరిగి నింపుకొనువారు డబ్బాలతో కొనునదియు ఇది. ఈ రెండును చెడు విధములు వేరు. ఒకదానికి చెప్పిన మాట రెండవదానికి చెల్లదు. ఊరిలో పెద్దలు చెప్పు “మందు పాతబడిన కొలది పదును తగ్గును” వంటి మాటలన్నియు నల్లని మందు కాలమునాటివి. ఆ కాలమునకైనను అవి పూర్తిగా నిజములు కావు.

నల్లని మందును పొడిగా ఉంచినచో అది ఏండ్లు గడచినంత మాత్రమున చెడునది కాదు. దానికి శత్రువు తేమ ఒక్కటే. వానకాలపు చెమ్మ పట్టినచో అందలి సురేకారము నీటిలో కరగి పైకి వచ్చి, పాతగోడకు ఉప్పు ఊరినట్లు గింజలమీద తెల్లని పొరగా తేలును. గింజలు ఒకదానికొకటి అంటి గడ్డకట్టును, లేదా పొడియై రాలును. అట్టి మందును ఎండబెట్టినంత మాత్రమున మునుపటి స్థితికి రాదు. మూడు వస్తువుల కలయిక చెదిరిపోయినది గదా! ఒకచోట మందముగా, ఒకచోట వేగముగా మండును. తుపాకిలో దట్టించినచో గుండు గొట్టము మధ్యలో నిలిచిపోవచ్చును. “పేలలేదు” అనుకొని వేటగాడు మరల దట్టించి కాల్చినచో గొట్టము చీలి, పట్టుకొనినవాని చేయియో కన్నో పోవును. ఇక గడ్డకట్టిన మందును రోటిలో నూరుట, పెనముమీద పోసి పొయ్యిదగ్గర ఆరబెట్టుట – ఈ రెండు పనులను గూర్చి వేరుగా చెప్పనవసరము లేదు. ఒక్క రాపిడి, ఒక్క నిప్పురవ్వ చాలును.

చెమ్మ తగిలిన మందు ‘చచ్చినది’ అను నమ్మకము కూడ విడువవలెను. అమెరికాలో 1861 మొదలు 1865 వరకు అంతర్యుద్ధము జరిగినది. ఆనాటి ఫిరంగి గుండ్లను త్రవ్వితీసి శుభ్రపరచి దాచుకొనువారు అక్కడ ఉన్నారు. 2008లో వర్జీనియా రాష్ట్రమున అట్టివాడొకడు తన యింటిముంగిట అట్టి గుండునొకదానిని శుభ్రము చేయుచుండగా అది పేలి అతడు మరణించినాడు. నూటనలువది ఏండ్లు గడచిన పిమ్మటను లోపలి మందు ప్రాణము తీయగలిగినది. మన పల్లెలోని అటకమీది డబ్బా వయసు అందులో నాలుగవ వంతైనను ఉండదు.

ఇప్పుడు పొగలేని మందు మాట. ఇది పుట్టినది పత్తినుండి. గుంటూరు, వరంగల్లు, ఆదిలాబాదు ప్రాంతముల రైతులు పండించు పత్తికి ఇట్టి బంధువొకటి ఉన్నదని తెలిసినచో మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున షోన్‌బైన్ అను రసాయన పండితుడు 1846లో పత్తిని నత్రికామ్లము, గంధకామ్లముల మిశ్రమములో ముంచి, కడిగి, ఆరబెట్టి, ఒక కొత్త ప్రేలుడు వస్తువును కనుగొనినాడు. దానిని పెద్ద యెత్తున తయారుచేయుటకు పూనుకొనిన ఇంగ్లాండులోని ఫావర్‌షాము కర్మాగారము మరుసటి సంవత్సరమే పేలిపోయినది. ఆ పత్తి పీచులలో కొంచెము ఆమ్లము మిగిలినను అది ప్రమాదకారియని పిదప తెలిసినది. 1884లో పాల్ వియేయ్ అను ఫ్రెంచి శాస్త్రవేత్త దానిని మెత్తని ముద్దగా చేసి, రేకులుగా కోసి, తుపాకిలో వాడదగిన పొగలేని మందుగా మార్చినాడు. నేటి మందులన్నియు ఆ వంశములోనివే.

ఈ మందు నిలువలో నిలకడగా ఉండదు. డబ్బాలో కదలకున్నను, లోపల బహు మెల్లగా విరుగుచుండును. విరిగినప్పుడు నత్రజని ఆవిరులు వెలువడును. అవి కొద్దిపాటి తేమతో కలసి ఆమ్లమగును. ఆ ఆమ్లము తక్కిన మందును మరింత వేగముగా విరుచును. ఒక వడ్లబస్తాలో పురుగు పడినచో, ఆ పురుగే మరి నూరు పురుగులను పుట్టించునట్లు ఈ చెడుగు తన్ను తానే పెంచుకొనును. దీనిని ఆపుటకు కర్మాగారమువారు మందులో డైఫినైలమైన్ వంటి రక్షక ద్రవ్యమును కొంచెము కలుపుదురు. వెలువడిన ఆవిరులను అది పీల్చుకొనును. అయితే అది తరుగుచుండును. రక్షకము ఉన్నంతవరకు మందు పైకి కొత్తదివలెనే కనబడును. అది తీరిపోయిన పిమ్మట చెడుగు త్వరితమగును, వేడి పుట్టును. పెద్ద నిలువలలో ఆ వేడి బయటికి పోవుటకు దారిలేక మందు తనంతట తానే అంటుకొనవచ్చును.

ఇది పుస్తకములలోని ఊహ కాదు. ఫ్రాన్సు దేశపు తూలోన్ రేవులో 1907 మార్చి 12న ‘యేనా’ అను యుద్ధనౌక పేలి నూరుమందికి పైగా మరణించిరి. అదే రేవులో 1911 సెప్టెంబరు 25న ‘లిబెర్తే’ అను మరియొక నౌక పేలి రెండువందలకు మించి ప్రాణములు పోయినవి. శత్రువు ఎవడును రాలేదు. నౌకలలో నిలువయుండి చెడిన మందే కారణమని ఎంచబడినది. మన కాలమునకు వచ్చినచో, 2012 అక్టోబరులో అమెరికాలోని లూసియానా రాష్ట్రమున పాత సైనికపు మందు నిలువయుంచిన చోట పేలుడు జరిగినది. తరువాత సోదా చేయగా లక్షల కిలోల మందు సరియైన రక్షణ లేక పడియున్నట్లు, కొంత ఆరుబయటనే యున్నట్లు బయటపడినది. అప్పుడు డాయ్‌లైన్ అను చిన్న ఊరి ప్రజలను ఇండ్లు విడిపించి దూరముగా తరలింపవలసివచ్చినది. ఆ ఊరివారికి ఆ మందుతో ఎట్టి సంబంధమును లేదు. వారి ఇండ్లు దానికి దగ్గరగా ఉండుటయే వారి దోషము.

ఒక ఇంటిలోని అరకిలో డబ్బా అట్టి గొప్ప నిలువ కాదు, నిజమే. తక్కువ పరిమాణములో పుట్టిన వేడి గాలిలో కలసిపోవుటకు వీలున్నది. మేము భయపెట్టుటకు ఈ సంగతులు చెప్పుటలేదు. ఏండ్ల లెక్క చూచి మాత్రమే మందు చెడినదని తీర్పు చెప్పుటయు న్యాయము కాదు. చల్లగా, పొడిగా, తన సొంత డబ్బాలో మూతపడియున్న మంచి మందు అనేక సంవత్సరములు నిలిచిన సందర్భములు గలవు. అయితే ‘చల్లగా’ అను మాటవద్దనే మన చిక్కు. రసాయన మార్పులు వేడిలో త్వరపడును. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో నీడలోనే నలువదియైదు డిగ్రీలు దాటు దినములుండును. రేకులకప్పు క్రింది అటకలో అంతకంటెను ఎక్కువ. శీతలదేశములో ముప్పదియేండ్లు నిలిచిన మందు మన రేకుల యింటిలో అన్నాళ్ళు నిలుచునని ఎవరును పూచీపడజాలరు.

అట్లయిన గుర్తించుట యెట్లు? ముందుగా డబ్బాను ముట్టకుండ చూడవలెను. డబ్బా పైన తుప్పు పట్టియుండుట, మూత చుట్టును పచ్చని లేక ఎర్రని పొడి కనబడుట, డబ్బా ఉబ్బుట, అంటించిన కాగితము లోపలినుండి మాడినట్లు గోధుమరంగుకు తిరుగుట – వీనిలో ఏది కనబడినను మూత తీయరాదు. తుప్పుపట్టిన మూతను బలముగా త్రిప్పుటలో కలుగు రాపిడియే చాలును. పైకి బాగుగానున్న డబ్బాయైనచో వాసన మాట వచ్చును. మంచి పొగలేని మందుకు స్పిరిటు వంటి కొద్దిపాటి వాసన ఉండును. చెడిన మందు వాసన పుల్లనై ముక్కును కోయును. కంసాలి ఆమ్లముతో లోహము కరగించునప్పుడు లేచు ఎర్రని పొగను, దాని ఘాటును మీలో కొందరు ఎరుగుదురు. ఆ పొగయే ఇదియును. డబ్బాలో ముక్కు పెట్టి ఎన్నడును చూడరాదు. ఆ ఘాటు దూరమునుండియే తగిలినచో పరీక్ష ముగిసినట్లే. తుప్పు పొడివంటి ఎర్రని ధూళి గింజలమధ్య కనబడుట, గింజలు జిగురుగా అంటుకొనుట, డబ్బా తక్కిన వస్తువులకంటె వెచ్చగా తోచుట – ఇవియును చెడుగుకు గుర్తులే. వెచ్చదనము కడపటి గుర్తు. అప్పుడు ఇల్లు విడిచి బయటికి రావలెను.

ఇంతవరకు చెప్పిన గుర్తులు ఉన్నచో మందు చెడినదని నిశ్చయింపవచ్చును. అవి లేనంత మాత్రమున మంచిదని నిశ్చయింప వీలులేదు. రక్షకము ఎంత మిగిలినదో కంటికి కనబడదు గదా! ఆయుధాగారములలో నియమితకాలమున నమూనాలు తీసి, వేడిచేసి, రంగుమారు కాగితములతోను, ఇతర రసాయన పద్ధతులతోను పరీక్షింతురు. అట్టి సాధనములు పల్లెటూరి యింట ఉండవు, ఉండవలసిన పనియు లేదు.

వీనియన్నిటికంటె పెద్ద ప్రమాదము చెడిన మందువలన కాక, పేరుతెలియని మందువలన వచ్చును. మందును కొన్ననాటి డబ్బానుండి తీసి హార్లిక్సు సీసాలోనో, పౌడరు డబ్బాలోనో పోయుట మన యిండ్లలో సామాన్యము. ఆ సీసా ఇరువదియేండ్లు దాటిన తరువాత అందలి నల్లని గింజలు ఏ రకమో తీర్పు చెప్పగలవారు లేరు. పొగలేని మందులలోనే నిదానముగా మండునవియు, మిక్కిలి వేగముగా మండునవియు ఎన్నో రకములు చూచుటకు ఒక్కటిగా నుండును. పొగలేని మందును నల్లని మందనుకొని పాత దట్టింపు తుపాకిలో అదే కొలతకు పోసినచో ఆ గొట్టము తట్టుకొనలేదు. మందు చెడియుండనక్కరలేదు, ఎంత మంచిదైన అంత ప్రమాదము. కావున మాది ఒక్కటే మాట. చీటీలేని సీసాలోని మందును, రెండు డబ్బాల మిగులు కలిపిన మందును, ఎవరు ఎప్పుడు కొన్నారో తెలియని మందును ఏ పరీక్షయు చేయక పనికిరానిదిగా ఎంచవలెను. లైసెన్సుగల దుకాణమున కొని, తన డబ్బాలోనే పొడిగా, చల్లగా ఉంచి, లైసెన్సులో వ్రాసిన పరిమాణమునకు లోబడిన మందును మాత్రమే వాడుకొనవలెను. మందు ఖరీదు ఎంత? వ్రేళ్ళు పోయిన చేతితో నాగలి పట్టువాని కష్టము ఎంత?

పాత తూటాలకును ఇదే న్యాయము వర్తించును. అడుగున పచ్చని చిలుము పట్టినవి, కాగితము లేక ప్లాస్టిక్ గొట్టము ఉబ్బినవి, చీలినవి వాడరాదు. వానిని కోసి మందు తీయబూనుట అంతకంటె తెలివితక్కువ. టోపీలను మందుతోపాటు ఒకే డబ్బాలో ఉంచు అలవాటు కొన్ని యిండ్లలో నున్నది. నిప్పును, గడ్డివామును ఒక్కచోట కట్టుట యనగా ఇదియే.

పనికిరాని మందును ఏమి చేయవలెను అనునది తరువాతి ప్రశ్న. దీనికి ప్రజలు తమకు తోచిన దారులు త్రొక్కుచున్నారు. చెరువులో పోయుదురు. నల్లని మందులోని సురేకారము నీటిలో కరగి ఆ నీరు త్రాగిన పశువులకు విషమగును. గోతిలో పూడ్చుదురు. పొగలేని మందు మట్టిలో ఏండ్లతరబడి చెడక యుండి, పునాది త్రవ్వువాని గడ్డపారకు తగులును. చెత్తకుప్పలో పోసి నిప్పు పెట్టుదురు, లేదా పొయ్యిలో వేయుదురు. ఫలము చెప్పనక్కరలేదు. డబ్బాతో సహా పాత ఇనుము కొనువానికి ఇచ్చిన, ఆ ప్రమాదము మరియొకరి నెత్తికి ఎత్తినట్లగును. ఇక ఆర్టీసీ బస్సులో సంచిలో పెట్టుకొని ఠాణాకు తీసికొనిపోవుటయు కూడదు. సరియైన దారి ఒక్కటి. డబ్బాను ఉన్నచోటనే యుంచి, పిల్లలను దూరముగానుంచి, ఆ గదిలో దీపము, బీడి లేకుండ చేసి, దగ్గరి పోలీసు ఠాణాకు ఫోనులోనో, మనిషిద్వారానో తెలుపవలెను. ప్రేలుడు పదార్థములను తొలగించుటకు శిక్షణ పొందిన దళములు పోలీసు శాఖలో గలవు.

“ఠాణాకు చెప్పినచో కేసు పెట్టుదురేమో” అను భయము మాకు తెలియును. అటకలమీద ఇన్ని డబ్బాలు మిగిలియుండుటకు ఆ భయమే ముఖ్యకారణమని మా అభిప్రాయము. 1959 నాటి ఆయుధముల చట్టము పంటకాపు కొరకు దట్టింపు తుపాకికి లైసెన్సు ఇచ్చు ఏర్పాటు చేసినది. ఆ చట్టములోని 21వ సెక్షను, లైసెన్సు గడువు తీరుటవలన గాని, మరి యే కారణమువలన గాని ఆయుధమును, తూటామందులను ఉంచుకొను హక్కు పోయినవారు వానిని అనవసరపు ఆలస్యము చేయక దగ్గరి ఠాణాలో అప్పగింపవలెనని చెప్పుచున్నది. లైసెన్సుదారు మరణించిన యింట కుమారుడు చేయవలసినది ఇదియే. అప్పగించుట చట్టము చూపిన దారియే గాని నేరమును ఒప్పుకొనుట కాదు. ఆలస్యము చేసి దాచుటయే చిక్కు తెచ్చును. లైసెన్సే లేని నాటుతుపాకి, దాని మందు మాట వేరు. వారికి ఏ చిక్కును రాదని మేము మాట ఇయ్యజాలము. తామై ముందుకు వచ్చి చెప్పుట, దుర్ఘటన జరిగిన తరువాత పట్టుబడుటకంటె ఎన్నియో రెట్లు మేలని మాత్రము చెప్పగలము. అట్టివారితో పాటు సర్పంచిగాని, వార్డు సభ్యుడుగాని ఠాణావరకు నడచినచో వారికి ధైర్యము కలుగును. సందర్భమున మరియొక మాట. తుపాకికి లైసెన్సు ఉన్నంత మాత్రమున అడవిపందిని కాల్చుటకు అనుమతి ఉన్నట్లు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అటవీశాఖ అనుమతి వేరుగా పొందవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగినది మరికొంత యున్నది. గ్రామసభలో ఈ విషయమును ఒకసారి ప్రస్తావించుడు. ఎవరి పేరును ఎత్తనక్కరలేదు. తుపాకి లైసెన్సుగల యిండ్లు పల్లెలో రెండో మూడో ఉండును. ఆ యింటి పెద్దను విడిగా కలసి అడుగుడు. ఆడవారినికూడ అడుగుడు. అటకమీద ఏమున్నదో వారికే ఎక్కువగా తెలియును. పాత యిల్లు పడగొట్టునప్పుడు, భాగపంపిణీ జరుగునప్పుడు, వేసవి రాకముందు – ఇవి అడుగుటకు తగిన సమయములు. అయితే మంచి ఉద్దేశముతోనైనను ఊరిలోని మందునంతయు పోగుచేసి పంచాయతీ కార్యాలయములో పెట్టరాదు. ప్రక్కనే బడి యుండును. వేరువేరు అటకలమీద చిన్న ప్రమాదములుగా నున్నదానిని మీరు ఒక్క పెద్ద ప్రమాదముగా చేసినట్లగును.

దుర్ఘటన జరిగినచో మందుమంట ఆర్పుటకు ఎవరును ముందుకు పోరాదు. జనమును దూరముగా తరలించి 112కు తెలుపవలెను. కాలినవారికి కాలినచోట చల్లని నీరు ఇరువది నిమిషములు ధారగా పోసి 108 వాహనమున ఆసుపత్రికి పంపవలెను. సిరా, పేస్టు, పసరు పూయరాదు. ఎర్రని పొగ పీల్చినవానిని, వాడు “నాకేమియు లేదు” అన్నను, తప్పక వైద్యునికి చూపవలెను. ఆ పొగ ఊపిరితిత్తులకు చేయు హాని కొన్ని గంటల తరువాత బయటపడును. సాయంకాలము నవ్వుచు మాట్లాడినవాడు అర్ధరాత్రి ఊపిరాడక బాధపడవచ్చును.

ఖాళీ డబ్బాలను గూర్చి ఒక సభ్యుడు అడిగినారు. మందు అయిపోయిన డబ్బాలో ఉప్పు, పప్పు పోసికొను వాడుక ఉన్నది. అంచులలోను, మూత మరలలోను గింజలు మిగిలియుండును. అట్టి డబ్బాను వంటింటిలోనికి తీసికొనిపోరాదు. దానికి మాటువేయించుటకు కొలిమివానికి అసలే ఇయ్యరాదు. మందుతోపాటు డబ్బాను కూడ ఠాణావారికే అప్పగింపుడు.